విశ్వవిద్యాలయంలో పురావస్తుశాస్త్ర అధ్యాపకుల విధులు: పొన్నూరు - భట్టిప్రోలు ప్రాంతం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

పురావస్తుశాస్త్ర అధ్యాపకత్వం అనగానే తవ్వకాలు, దొరికిన విగ్రహాలు, పత్రికల్లో వచ్చే ఛాయాచిత్రాలు గుర్తుకు వస్తాయి. విశ్వవిద్యాలయ అధ్యాపకుల కాలంలో తవ్వకానికి దక్కేది కొద్దిభాగం మాత్రమే. బోధన, క్షేత్రపరిశీలన, కుండపెంకుల చిత్రణ, శాసనపఠనం, చట్టపరమైన అనుమతులు, గ్రామస్థులతో సంభాషణ ఈ వృత్తిలో ప్రధానాంశాలు. తెనాలి, రేపల్లె, బాపట్లల నడుమనున్న పొన్నూరు పరిసర ప్రాంతంలోని భట్టిప్రోలు, చేబ్రోలు, చందవోలు వంటి స్థలాలను ఉదాహరణలుగా తీసుకొని ఆ విధులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు భాషాచరిత్రకు అవసరమైన తొలి ఆధారాలు ఈ నేలలోనే ఉన్నందున, పురావస్తు అధ్యాపకుల పని తెలుగుశాఖకు ఎందుకు ముఖ్యమో కూడా ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: పురావస్తుశాస్త్రం, అధ్యాపకత్వం, భట్టిప్రోలు, చేబ్రోలు, శాసనం, లిపి, పాటిదిబ్బ, క్షేత్రపరిశీలన.

1. ఉపోద్ఘాతం:

గతకాలపు మానవజీవితాన్ని వారు వదిలివెళ్ళిన వస్తువుల ద్వారా తెలుసుకొనే శాస్త్రం పురావస్తుశాస్త్రం. చరిత్రకారుడు ప్రధానంగా రాతను ఆధారం చేసుకుంటే, పురావస్తుశాస్త్రజ్ఞుడు రాతతోపాటు ఇటుకను, పెంకును, బూడిదను, ఎముకను, మట్టిరంగును కూడా ఆధారంగా స్వీకరిస్తాడు. తెలుగునేలలో ఈ శాస్త్రానికి విశ్వవిద్యాలయస్థాయిలో స్థానం దొరకడం 20వ శతాబ్దిలో జరిగిన పరిణామం.

అంతకుముందు ఈ పనిని నడిపినవారు ఒకవైపు ఆంగ్లప్రభుత్వ ఉద్యోగులు, మరొకవైపు స్వచ్ఛందంగా పూనుకొన్న తెలుగు పండితులు. కొమర్రాజు లక్ష్మణరావు నడిపిన విజ్ఞానచంద్రికామండలి ద్వారా చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' 1910లో వెలువడింది. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్రమహాసభ తెలుగువారి రాజకీయ ఆకాంక్షకు వేదికైతే, ఆ ఆకాంక్షకు చారిత్రకమైన పునాదిని ఇటువంటి గ్రంథాలు సమకూర్చాయి. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధకమండలి శాసనాల సేకరణను, ప్రకటనను ఒక క్రమంలో పెట్టింది. కళాశాల పట్టాలు లేకుండానే శాసనపరిశోధనలో అగ్రగణ్యుడైన మల్లంపల్లి సోమశేఖరశర్మ తరువాతి కాలంలో ఆంధ్రవిశ్వవిద్యాలయ చరిత్రశాఖలో అధ్యాపకుడయ్యాడు. ఊరూరా తిరిగి శాసనాలు చదివిన వ్యక్తి తరగతిగదిలో నిలబడటంతో రెండు సంప్రదాయాలు ఒకచోట కలిశాయి. ఈనాటి పురావస్తు అధ్యాపకులు ఆ కలయికకు వారసులు.

2. ప్రాంతం - విద్యాసంస్థలు:

పొన్నూరు కృష్ణా పశ్చిమడెల్టాలో ఉంది. సాక్షి భావనారాయణస్వామి ఆలయంతో ఈ ఊరు ప్రసిద్ధం. దీనికి ఉత్తరాన గుంటూరు దారిలో చేబ్రోలు, నైరుతిదిక్కున బాపట్ల, తూర్పున తెనాలి - రేపల్లె రైలుమార్గంలో భట్టిప్రోలు ఉన్నాయి. వెలనాటిచోడుల రాజధాని చందవోలు కూడా ఈ పరిసరాల్లోనిదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత పొన్నూరు, చేబ్రోలు గుంటూరు జిల్లాలోను, భట్టిప్రోలు, చందవోలు బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. చరిత్రకు మాత్రం ఇది ఒకే సీమ.

ఉన్నతవిద్య విషయానికి వస్తే, 1926లో ఏర్పడిన ఆంధ్రవిశ్వవిద్యాలయం 1967లో గుంటూరు సమీపంలోని నల్లపాడులో స్నాతకోత్తర కేంద్రాన్ని ప్రారంభించింది. ఆ కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. బౌద్ధాచార్యుడైన నాగార్జునుని పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయం ఒకవైపు అమరావతికి, మరొకవైపు భట్టిప్రోలుకు చేరువలో ఉండటం గమనార్హం. తెలుగురాష్ట్రాల్లో చాలాచోట్ల పురావస్తుశాస్త్రం చరిత్రశాఖతో కలిసే ఉంటుంది. ఆంధ్రవిశ్వవిద్యాలయంలోని శాఖ పేరే 'చరిత్ర, పురావస్తుశాఖ'. అందువల్ల ఒకే అధ్యాపకుడు ఉదయం శాతవాహనుల పాలనావ్యవస్థను, మధ్యాహ్నం మట్టిపొరల క్రమాన్ని బోధించవలసిరావడం అసాధారణమేమీ కాదు.

3. అర్హతలు - పనిగంటలు:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం సహాయాచార్య పదవికి సంబంధిత విషయంలో 55 శాతం మార్కులతో స్నాతకోత్తరపట్టా, దానితోపాటు జాతీయ అర్హతపరీక్ష (నెట్) లేదా రాష్ట్రస్థాయి అర్హతపరీక్షలో ఉత్తీర్ణత, లేదా నిబంధనల మేరకు పొందిన పిహెచ్.డి. పట్టా ఉండాలి. నెట్‌లో పురావస్తుశాస్త్రం చరిత్రకు భిన్నమైన ప్రత్యేకవిషయం. విద్యార్థి చరిత్రశాఖలో చదివినా, పరీక్షలో స్తరవిన్యాసం, కాలనిర్ణయపద్ధతులు, రాతిపనిముట్లు, లిపి, నాణేలు అన్నింటిలోనూ ప్రవేశం చూపవలసి ఉంటుంది.

2018 నాటి నిబంధనల్లో అధ్యాపకుల పనిభారం వారానికి 40 గంటలకు తగ్గకూడదని, అందులో సహాయాచార్యులకు ప్రత్యక్షబోధన 16 గంటలని, సహాచార్యులకు, ఆచార్యులకు 14 గంటలని నిర్దేశించారు. ఏడాదికి 30 పనివారాలు, అంటే 180 బోధనదినాలు. సహాయాచార్యులకు వారంలో మిగిలే 24 గంటల్లోనే పరిశోధన, పర్యవేక్షణ, పరీక్షాపత్రాల మూల్యాంకనం, శాఖాపరమైన కార్యాలయపు పని సర్దుకోవాలి.

సాహిత్య అధ్యాపకులకు గ్రంథాలయం అందుబాటులో ఉంటే ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. పురావస్తు అధ్యాపకుల గ్రంథాలయం పొలాల్లో ఉంటుంది. డెల్టాలో వరి నిలిచిన కాలంలో భూమి కనబడదు. పంట కోసిన తరువాత, మళ్ళీ దున్నేలోపు, కొద్దివారాలు మాత్రమే పొలంమీద పెంకులను వెదకడానికి అనుకూలం. ఆ రోజులు సెమిస్టరు పరీక్షలతోనో, తరగతులతోనో కలిసివస్తే ఆ ఏటికి అవకాశం పోయినట్లే. ఈ శాస్త్రానికి పంచాంగం వేరు, విద్యాసంవత్సరపు పట్టిక వేరు. ఈ రెండింటినీ పొసగించడమే అధ్యాపకులకు ఎదురయ్యే మొదటి పరీక్ష.

4. తరగతిలో బోధించేవి:

4.1 మట్టిపొరలు:

అడుగున ఉన్న పొర పాతది, పైన ఉన్నది కొత్తది అనేది స్తరవిన్యాసంలో ప్రాథమికసూత్రం. వినడానికి సులువుగా ఉన్న ఈ సూత్రాన్ని అన్వయించడం కష్టం. పైపొరలో నివసించినవారు ధాన్యం కోసమో, చెత్త కోసమో ఒక గొయ్యి తవ్వితే, వారి కాలపు వస్తువులు పాత పొరల లోతుకు చేరతాయి. లోతును మాత్రమే కొలిచేవాడు ఆ కొత్తవస్తువును ప్రాచీనమని భ్రమపడతాడు. మట్టిరంగు, గట్టిదనం, అంచులు చూసేవాడు గోతిని గుర్తిస్తాడు. 1944 నుంచి 1948 వరకు భారత పురావస్తు సర్వేక్షణసంస్థకు అధిపతిగా ఉన్న మార్టిమర్ వీలర్ 1944లో తక్షశిలలో శిక్షణశిబిరాన్ని నిర్వహించాడు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపించాడు. లోతునుబట్టి కాక పొరనుబట్టి వస్తువును నమోదుచేసే పద్ధతి భారతీయ విద్యార్థులకు ఈ శిక్షణల ద్వారా స్థిరపడింది. అరికమేడు పొరల్లో రోమన్ వస్తువులతో కలిసి దొరికిన చక్రపు నొక్కుల అలంకరణగల పాత్రలు, ఆ తరువాత తూర్పుతీరమంతటా, అమరావతితో సహా, కాలనిర్ణయానికి ఒక కొలబద్దగా ఉపయోగపడ్డాయి.

4.2 కుండపెంకులు:

నగలు దాచుకొంటారు, లోహాన్ని కరిగించి మళ్ళీ వాడుకొంటారు. పగిలిన కుండను మాత్రం అక్కడే పారవేస్తారు. కాబట్టి పెంకు పురావస్తుశాస్త్రానికి అత్యంత నమ్మకమైన సాక్షి. విద్యార్థి మూతి అంచు ముక్కను వృత్తాలు గీసిన పటంమీద ఉంచి పూర్తిపాత్ర వ్యాసాన్ని అంచనావేయాలి. తరువాత ఒకపక్క కోతరూపాన్ని, మరొకపక్క వెలుపలి రూపాన్ని గీయాలి. నలుపు - ఎరుపు పాత్రల్లో లోపల నలుపు, వెలుపల ఎరుపు ఎందుకు ఉంటాయో వివరించాలి. పాత్రను బోర్లించి కాల్చినప్పుడు గాలి అందని లోపలిభాగం నల్లబడటం, గాలి తగిలిన వెలుపలిభాగం ఎర్రబడటం దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. ఈ పని నేర్పడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. బల్ల, కొలపట్టీ, కాగితం, వెలుతురు, ఓపిక ఉంటే చాలు. ఒక్కొక్క విద్యార్థి గీసిన బొమ్మను అధ్యాపకుడు పెంకుతో సరిపోల్చి దిద్దవలసి ఉంటుంది గనుక, పనిభారపు లెక్కల్లో కనబడని గంటలు ఎక్కువగా ఇక్కడే ఖర్చవుతాయి.

4.3 లిపి:

ఈ ప్రాంతపు అధ్యాపకులకు లిపిబోధనలో భట్టిప్రోలును మించిన పాఠం లేదు. అలెగ్జాండర్ రీ 1892లో అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు మూడు ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటిమీది ప్రాకృతశాసనాలను జార్జి బ్యూలర్ పరిష్కరించి 1894లో 'ఎపిగ్రాఫియా ఇండికా' రెండవ సంపుటంలో ప్రకటించాడు. వాటిలో కుబీరకుడనే రాజు, సింహగోష్ఠి అనే సమాజం, నిగమసభ్యులు కనబడతారు. కాలాన్ని గురించి పండితుల్లో భేదాభిప్రాయాలున్నా, ఇవి క్రీస్తుపూర్వపు శాసనాలనే అభిప్రాయం విస్తృతంగా అంగీకృతమైంది.

ఈ లిపిలోని విశేషం హల్లుల విషయంలో ఉంది. అశోకుని బ్రాహ్మిలో గుర్తు ఏదీ లేని హల్లు అకారంతో పలుకుతుంది. భట్టిప్రోలు కరండలిపిలో గుర్తు లేని హల్లు హల్లుమాత్రమే. అశోకలిపిలో దీర్ఘాన్ని తెలిపే గీత ఇక్కడ హ్రస్వ అకారాన్ని తెలుపుతుంది. దీర్ఘానికి మరొక గుర్తు ఉంది. మకారం తలక్రిందులుగా ఉంటుంది. ళకారానికి ప్రత్యేకాక్షరం ఉంది. అశోకబ్రాహ్మి మాత్రమే నేర్చుకొన్న విద్యార్థి ఈ శాసనాన్ని చదివితే ప్రతి హ్రస్వాన్నీ దీర్ఘం చేస్తాడు. 'కుబిరకో' అన్నదాన్ని 'కుబిరాకో' అని చదువుతాడు. ఈ తడబాటు నుంచే లిపిశాస్త్రంలోని ముఖ్యసూత్రం విద్యార్థికి బోధపడుతుంది. అక్షరానికి స్వతస్సిద్ధమైన విలువ లేదు, ఒక వ్యవస్థలో దానికున్న స్థానమే దాని విలువ. బ్యూలర్ ఈ లిపికి 'ద్రావిడి' అని పేరుపెట్టాడు. తెలుగు లిపిపరిణామాన్ని చర్చించే ప్రతి గ్రంథమూ భట్టిప్రోలును ప్రస్తావించడానికి కారణం ఇదే.

5. భట్టిప్రోలు దిబ్బ నేర్పే పాఠం:

శాసనాలు వెలుగులోకి రాకముందు ఆ స్తూపానికి జరిగిన నష్టం కూడా పాఠ్యాంశంలో భాగం కావాలి. స్థానికంగా 'లంజదిబ్బ'గా వ్యవహరించిన ఆ గుట్ట 19వ శతాబ్దిలో ఇటుకల గనిగా మారింది. ఇటుకలు దారిపనులకు, పాలరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలువ కట్టడానికి తరలిపోయాయి. 1870 ప్రాంతంలోనే దీని ప్రాముఖ్యాన్ని బాస్వెల్, వాల్టర్ ఇలియట్ వంటివారు గుర్తించినా, రీ తవ్వేనాటికి పైకట్టడంలో ఎక్కువభాగం మిగలలేదు. పీఠభాగంలో దాదాపు 148 అడుగుల వ్యాసంగల మహాస్తూపం అది. శిల్పసంపద ఎంత ఉండేదో ఊహించడానికి కూడా ఆధారాలు కరువయ్యాయి. కరండాలు దక్కడానికి కారణం అవి కట్టడపు నడిబొడ్డున, లోతుగా ఉండటమే.

దొరికినవి కూడా ఒకచోట లేవు. కరండాలు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంకు చేరాయి. భట్టిప్రోలు ధాతువును కలకత్తాలోని ధర్మరాజిక చైత్యవిహారంలో 1920లో ప్రతిష్ఠించారు. భట్టిప్రోలులో మిగిలింది ఇటుకల గుట్ట. రేపల్లె రైలులో రోజూ ఆ ఊరిమీదుగా కళాశాలకు వెళ్ళే విద్యార్థికి, తాను రాసే అక్షరాల పూర్వరూపం కోసం మద్రాసు వెళ్ళాలని, లేదా సంపుటాల్లోని అచ్చుచిత్రాలను చూడాలని చెప్పవలసి వస్తుంది. వస్తువు, స్థలం, శాసనపాఠం మూడుచోట్ల ఉన్నప్పుడు వాటిని ఒక్క గంటలో విద్యార్థి మనసులో కలపడం అధ్యాపకుని బాధ్యత. పురావస్తుబోధనలో క్షేత్రపర్యటనను వినోదయాత్రగా కాక పాఠంగా పరిగణించవలసిన అవసరం ఇక్కడే స్పష్టమవుతుంది.

6. క్షేత్రపరిశీలన - పాటిదిబ్బల సమస్య:

విశ్వవిద్యాలయానికి తవ్వకం అరుదైన అవకాశం. ఊరూరా తిరిగి చేసే పరిశీలన నిత్యకృత్యం. పుణెలోని దక్కన్ కళాశాలలో హెచ్.డి. సంకాలియా తన విద్యార్థులచేత ప్రాంతాలవారీగా ఇటువంటి పరిశీలనలు చేయించి, అధ్యాపకత్వానికీ పరిశోధనకూ విడదీయరాని సంబంధాన్ని ఏర్పరిచాడు. ఆ సంస్థలో పనిచేసి, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఎం.ఎల్.కె. మూర్తి నాటి కర్నూలు జిల్లా బేతంచెర్ల ప్రాంతపు గుహల్లో జరిపిన పరిశోధన తెలుగునేల ప్రాచీనశిలాయుగ అధ్యయనానికి గట్టి ఆధారమైంది.

కర్నూలు గుహలో పొర చెదరకుండా వేలయేళ్ళు ఉండగలదు. కృష్ణాడెల్టాలో పరిస్థితి వేరు. ఇక్కడ నదులు ఒండ్రుమట్టి పరుస్తాయి. భూగర్భజలం పైనే ఉంటుంది. అన్నింటికన్నా ముఖ్యంగా మనిషి మట్టిని కదిలిస్తాడు. పాత ఊరు పాడుబడినచోట మిగిలే దిబ్బను తెలుగురైతులు 'పాటిదిబ్బ' అంటారు. అక్కడి మట్టి 'పాటిమన్ను'. తరతరాల బూడిద, పేడ, ఎముకలు, చెత్త కలిసిన ఆ మన్ను మంచి ఎరువు గనుక బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. దీనివల్ల రెండు పరిణామాలు కలిగాయి. మొదటిది దిబ్బ తరిగిపోవడం. రెండవది, అంత సులభంగా తోచనిది, దిబ్బలోని పెంకులు పొలాలకు చేరడం. ఒక చేనులో ప్రాచీనకాలపు పెంకులు కనబడినంతమాత్రాన అక్కడ ఊరు ఉండేదని తీర్మానించడానికి వీల్లేదు. ఆ మన్ను ఎక్కడినుంచి వచ్చిందని రైతును అడగాలి. పెంకులు చేనంతా పలుచగా పరచుకొని ఉన్నాయా, ఒకచోట దట్టంగా ఉన్నాయా, పెద్దముక్కలా, దున్నగా దున్నగా అరిగిన చిన్నముక్కలా అని గమనించాలి.

ఈ ప్రశ్నలు ఏ ఆంగ్లగ్రంథంలోనూ యథాతథంగా దొరకవు. ఈ నేలకు, ఈ వ్యవసాయానికి సంబంధించిన ప్రశ్నలు ఇవి. వీటికి సమాధానం చెప్పగలవారు పెద్దరైతులు, పాలేళ్ళు. ఈనాడు బండ్ల స్థానంలో మట్టితవ్వే యంత్రాలు, ట్రాక్టర్లు వచ్చాయి. ఇటుకబట్టీలకు, చేపల చెరువుల గట్లకు, ఇళ్ళస్థలాల మెరకకు మట్టి తరలుతోంది. ఒక తరంలో తరిగే దిబ్బ ఒక వారంలో మాయమవుతుంది. మన్ను తోలిన జ్ఞాపకం ఉన్న తరం కూడా వెళ్ళిపోతోంది. పురావస్తు అధ్యాపకుల పదవి ఒక ఏడాది ఖాళీగా ఉంటే కలిగే నష్టం కొన్ని తరగతులు జరగకపోవడంతో ముగియదు. ఆ ఏడాది పోయిన దిబ్బ మరుసటి ఏడాది నియామకంతో తిరిగిరాదు.

7. చట్టం - అధ్యాపకుల పరిమితులు:

విశ్వవిద్యాలయం తనంతట తాను తవ్వకం జరపలేదు. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు ప్రదేశాలు, అవశేషాల చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణసంస్థనుంచి అనుమతి పొందాలి. అనుమతితోపాటు నిధులు, తవ్విన గోతులను కాపాడే ఏర్పాటు, దొరికిన వస్తువులను భద్రపరిచే గది, నివేదిక ప్రకటించే బాధ్యత ఉంటాయి. నివేదిక వెలువడని తవ్వకం విధ్వంసంతో సమానమని విద్యార్థులకు మొదటినుంచీ చెప్పవలసి ఉంటుంది. తవ్విన పొర మళ్ళీ ఏర్పడదు, దానిని చదివిన ఏకైక ప్రతి తవ్వినవారి నమోదుపుస్తకమే.

అదే చట్టానికి 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షితకట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రితప్రాంతం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలకు మించితే కనుగొన్నవారు కలెక్టరుకు తెలియజేయాలి. ఈ నిబంధనలు తెలియని రైతు, వస్తువు దొరికిందని చెబితే పొలం పోతుందని భయపడి మౌనం వహిస్తాడు. భయం తీర్చడం అధికారులకన్నా అధ్యాపకులకు సులువు. 'మాస్టారు' అన్న పిలుపులోని గౌరవం అందుకు తోడ్పడుతుంది. ఏది చట్టం, ఏది వదంతి అనేది గ్రామంలో తెలుగులో విడమరిచి చెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే. అయితే వస్తువును తానే తెచ్చుకొని శాఖలో పెట్టుకొనే అధికారం అధ్యాపకులకు లేదు. ఛాయాచిత్రం తీసి, స్థలాన్ని నమోదుచేసి, సంబంధిత పురావస్తుశాఖకు తెలియజేయడం వరకే వారి పరిధి.

8. చేబ్రోలు శాసనం - సమాచారం విలువ:

ఈ ప్రాంతంలో దొరకవలసినవన్నీ దొరికిపోయాయనే అభిప్రాయాన్ని చేబ్రోలు ఖండిస్తుంది. అక్కడి భీమేశ్వరాలయ జీర్ణోద్ధరణ పనుల సందర్భంలో బయటపడిన ఒక స్తంభశాసనాన్ని భారత పురావస్తు సర్వేక్షణసంస్థ శాసనవిభాగం చదివి, దక్షిణభారతంలో అప్పటివరకు దొరికిన సంస్కృతశాసనాల్లో ఇదే తొలిదని 2019 డిసెంబరులో ప్రకటించింది. శాతవాహనరాజు విజయుని 5వ పాలనాసంవత్సరంలో, క్రీ.శ. 207లో వేయించిన శాసనం ఇది. తాంబ్రాపలోని భగవతీ శక్తిమాతృక సన్నిధిలో కార్తికుడనే వ్యక్తి ప్రాసాదమండపాలను, ప్రతిమలను ఏర్పాటుచేసినట్లు ఇందులో ఉంది. సప్తమాతృకల ఆరాధనకు కూడా ఇది తొలి శాసనాధారంగా పరిగణన పొందింది. అంతకుముందు దక్షిణభారత సంస్కృతశాసనాల్లో తొలిస్థానం నాగార్జునకొండలోని ఇక్ష్వాకురాజు ఎహువలచాంతమూలుని శాసనానిది.

ఇక్కడ గమనించవలసింది ఆవిష్కరణ జరిగిన తీరు. శాసనం కోసం తవ్వితే దొరికింది కాదు. గుడి మరమ్మతుల్లో కనబడిన రాయి సంబంధితులకు చేరడంవల్ల దక్కింది. అదే రాయికి సున్నం పూసినా, మెట్టుగా పరిచినా శాతవాహనచరిత్రలో ఒక తేదీ పోయేది. జీర్ణోద్ధరణ జరిగే ప్రతి గుడిదగ్గరా శాసనశాస్త్రజ్ఞుడు ఉండటం అసాధ్యం. చదువలేకపోయినా ఇది అక్షరమని గుర్తించి, ఫోను చేయగలిగిన ఒక పూర్వవిద్యార్థి ఉండటం సాధ్యం. పురావస్తు అధ్యాపకుల బోధన ఫలితాన్ని ఉద్యోగాలు పొందినవారి సంఖ్యతో మాత్రమే కొలిస్తే ఈ విలువ లెక్కకు రాదు. ఊరి బడిలో ఉపాధ్యాయుడిగానో, సచివాలయంలో ఉద్యోగిగానో, రైతుగానో స్థిరపడిన విద్యార్థి కూడా ఈ శాస్త్రానికి కావలసినవాడే.

9. తెలుగుశాఖతో సంబంధం:

తెలుగు భాషాచరిత్రను బోధించేవారు అమరావతి శిలాఖండంలోని 'నాగబు' అన్న పదంతో తరచుగా పాఠం మొదలుపెడతారు. దానిని తెలుగుపదంగా గుర్తించినవాడు వేటూరి ప్రభాకరశాస్త్రి. రాయిని వెలికితీసింది పురావస్తుశాస్త్రమైతే, పదాన్ని వెలికితీసింది భాషాపాండిత్యం. ఒకరు లేకుండా మరొకరి పని నెరవేరదు.

స్థలనామాలు దీనికి మరొక ఉదాహరణ. భట్టిప్రోలు, చేబ్రోలు, నిడుబ్రోలు అన్న పేర్లలోని 'ప్రోలు' పట్టణాన్ని తెలిపే ప్రాచీనపదం. 'ప్రోలు' ఉన్న ఊళ్ళలో ప్రాచీనావాసాల జాడలు వెదకడం క్షేత్రపరిశీలనకు ఒక ప్రాతిపదిక కాగలదు. చేబ్రోలును శాసనాలు తాంబ్రాప, తామ్రపురి వంటి రూపాల్లో పేర్కొంటాయి. తామ్రశబ్దానికీ, ఎరుపును తెలిపే తెలుగు 'చెం' శబ్దానికీ ఉన్న అర్థసామ్యం పరిశీలించదగినది. ఏది మూలం, ఏది అనువాదం అన్న ప్రశ్నకు నిఘంటువు ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఏ రూపం ఏ కాలపు శాసనంలో ఉందో తేలాలి. అంటే తిరిగి రాతిదగ్గరికే రావాలి.

పరిభాష విషయంలోనూ ఈ రెండు శాఖలు కలిసి ఆలోచించవలసి ఉంది. పొర, గొయ్యి, గట్టు, పెంకు, దిబ్బ, పాటిమన్ను, ఒండ్రు, చౌడు అన్న మాటలు రైతుకు తెలిసినవే. తవ్వకంలో రెండు గోతుల నడుమ కదల్చకుండా ఉంచే మట్టిగోడను 'గట్టు' అంటే డెల్టా విద్యార్థికి వివరణ అక్కరలేదు. చేనికి గట్టు ఎందుకుంటుందో వాడికి తెలుసు. కొత్తగా కల్పించిన క్లిష్టసమాసాలకన్నా ఇటువంటి పదాలను శాస్త్రార్థంలో స్థిరపరచడం మేలు. వీటిని సేకరించి నిర్వచించడం తెలుగుపరిశోధకులు చేపట్టదగిన పని.

10. ముగింపు:

పై వివరణనుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• పురావస్తు అధ్యాపకుల ప్రధానవిధి తవ్వడంకన్నా చూడటం నేర్పడం. పొరను, పెంకును, అక్షరాన్ని చూడగల విద్యార్థులను తయారుచేయడం దీని సారాంశం.

• ప్రత్యక్షబోధన గంటల లెక్కలో చిత్రణ దిద్దడం, క్షేత్రపరిశీలన, గ్రామస్థులతో సంభాషణ తగినంతగా ప్రతిఫలించవు. పంటకోతల తరువాతి వారాలను క్షేత్రపరిశీలనకు కేటాయించేవిధంగా విద్యాప్రణాళిక ఉంటే ప్రయోజనకరం.

• కృష్ణాడెల్టాలో పాటిమన్ను తరలింపు పెంకుల స్థానాన్ని మార్చింది. ఇక్కడి క్షేత్రపరిశీలనలో రైతుల మౌఖికసాక్ష్యం తప్పనిసరి ఆధారం.

• భట్టిప్రోలు స్తూపం ఇటుకల గనిగా మారి నష్టపోయింది. చేబ్రోలు శాసనం ఆలయపు పనుల్లో కనబడి దక్కింది. ఈ రెండు సందర్భాల మధ్య తేడా గుర్తించే కన్ను, చేరవేసే నోరు ఉండటమే.

• లిపి, శాసనం, స్థలనామం అన్న మూడు అంశాల్లో తెలుగుశాఖ, చరిత్రశాఖ ఉమ్మడిపాఠ్యాంశాన్ని నడపడానికి అవకాశం ఉంది. పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాల డిగ్రీ కళాశాలల విద్యార్థులచేత తమ ఊరి దిబ్బలు, గుడిరాళ్ళు, చేల పేర్లు నమోదు చేయించడం అందులో మొదటి అభ్యాసం కావచ్చు.

ఈ నమోదుకు అనుమతులు, యంత్రాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, గ్రామపటం, చేనిదగ్గర పెద్దలను అడిగే చొరవ చాలు. దిబ్బ ఉన్నప్పుడే ఆ పని మొదలుకావాలి.